కొలతబల్ల నుంచి నివేదిక దాకా: సముద్ర మత్స్య పరిశోధనపై మీ ప్రశ్నలు, మా జవాబులు

సముద్ర జీవావరణం, మత్స్య పరిశోధన రంగంలోకి రావాలనుకునేవారూ, ఇప్పటికే వచ్చి చిక్కుల్లో పడ్డవారూ పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. సముద్ర జీవుల మీద శాస్త్రవేత్త అవుతానంటోంది. బీఎఫ్ఎస్సీలో చేర్పించాలా, మామూలు బీఎస్సీ జువాలజీయా?
— ఒక తండ్రి, భీమవరం

రెండు దారులూ సముద్రానికే వెళ్తాయి. కానీ చేరే రేవులు వేరు. చేపల నిల్వలు, వేట నిర్వహణ మీద మనసుంటే బీఎఫ్ఎస్సీ (మత్స్య శాస్త్ర డిగ్రీ) మంచిది. నాలుగేళ్ల కోర్సు, ఈఏపీసెట్ ద్వారా ప్రవేశం. మన రాష్ట్రంలో ముత్తుకూరు కళాశాల, తెలంగాణలో పెబ్బేరు కళాశాల ఉన్నాయి. ఆ తర్వాత రెండేళ్ల ఎంఎఫ్ఎస్సీలో ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ తీసుకుంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లాంటి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో పనికి అది నేరుగా సరిపోతుంది. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థలో పీజీ, పీహెచ్‌డీ రెండూ చేయవచ్చు. ఐసీఏఆర్‌లో శాస్త్రవేత్త ఉద్యోగానికి ఏఆర్ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష రాయాలి.

ప్లవకాలు (నీటిలో తేలియాడే చిన్న జీవులు), పగడాలు, సముద్రపు అడుగు జీవులు, నీటి రసాయనం వైపు ఆసక్తి ఉంటే బీఎస్సీ, ఆపైన ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ లేదా జువాలజీ, తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. గోవాలో కేంద్ర కార్యాలయం, విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఈ దారిలోని వారికి తగిన చోటు. నెట్ ద్వారా వచ్చే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) భృతి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం.

రెండు జాగ్రత్తలు. మన దగ్గర బీఎఫ్ఎస్సీ చదివినవారిని రొయ్యల చెరువుల ఉద్యోగాలు త్వరగా లాగేసుకుంటాయి. సముద్రమే కావాలంటే మూడో ఏడాదికల్లా ఆ మాట గట్టిగా అనుకుని, ఫిషరీస్ బయాలజీ, గణాంక శాస్త్రం బాగా చదవాలి. రెండోది, పీజీ కోర్సు పేరు. ఏఆర్ఎస్ ప్రకటనలో ఒక్కో విభాగానికి ఏ ఏ డిగ్రీలు చెల్లుతాయో పట్టిక ఉంటుంది. పీజీలో చేరకముందే తాజా ప్రకటన తెరిచి ఆ పట్టికలో మీ అమ్మాయి చేరబోయే కోర్సు ఉందో లేదో చూడండి. రెండేళ్లు చదివాక చూస్తే చేసేదేమీ ఉండదు.

ప్రశ్న: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. నెలకు ఎన్ని చేపలు కొలవాలని అడిగితే గైడ్ గారు "వీలైనన్ని" అన్నారు. ఒక అంకె చెప్పగలరా?
— ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

అంకె చెబుతాం. దానికంటే ముందు ఏ చేపలు కొలవాలో తేల్చుకోవాలి. కానాగంతలు (ఇండియన్ మాకెరెల్) బోటు దిగేసరికే చాలాసార్లు సైజును బట్టి వేరైపోయి ఉంటాయి, పెద్దవి కొన్ని ట్రేలలో, చిన్నవి మరికొన్నిటిలో. వేలంపాట దగ్గర నిలబడి చేతికందిన ట్రేలోంచి వంద చేపలు కొలిస్తే, బోటు మీద ఎవరో ఏరిపెట్టిన చేపల కొలతలే మీ పుస్తకంలోకి వస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకోండి. ఒక బోటులో 400 కిలోల కానాగంతలు దిగాయి. పెద్దవి 300 కిలోలు, చిన్నవి 100 కిలోలు. మీరు రెండిటిలోంచీ తలా 5 కిలోలు తీసి కొలిచారు. పెద్ద చేపల లెక్కను 60తో, చిన్న చేపల లెక్కను 20తో హెచ్చించి ఆ తర్వాతే కలపాలి. హెచ్చించకుండా కలిపేస్తే, పెద్దవాటితో పోలిస్తే చిన్నవి అసలు ఉన్నదానికి మూడు రెట్లు కనిపిస్తాయి. "పిల్లచేపల వేట పెరిగింది" అని థీసిస్‌లో రాసేస్తారు. అందుకే తీసిన నమూనా బరువు, ఆ గ్రేడు మొత్తం బరువు, బోటులో దిగిన ఆ జాతి మొత్తం బరువు, ఈ మూడూ లేని కొలతల షీటు ఎందుకూ పనికిరాదు. చాలా థీసిస్‌లు పాడయ్యేది ఇక్కడే. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని బాగు చేయలేదు.

ఇక అంకె. నెలకు కనీసం రెండుసార్లు, పదిహేను రోజుల ఎడంతో వెళ్లండి. వెళ్లినప్పుడల్లా నాలుగైదు బోట్ల నుంచి కలిపి 100 చేపలకు తగ్గకుండా కొలవండి. ఏడాదికి రెండు వేలు దాటుతాయి. పొడవు కొలతలతో పెరుగుదల లెక్కించేవారు మొత్తం 1,500కు పైగా, కనీసం 6 నెలల మీద పరుచుకున్న నమూనాను మంచిదిగా ఎంచుతారు. ఒకే రోజు 800 కొలిచి మిగతా నెలల్లో ముప్పయ్యేసి కొలిస్తే మొత్తం 1,500 దాటినా లాభం లేదు.

ట్రాల్ వల (బోటు వెనక లాగేది), గిల్ నెట్, రింగు వల (గుంపును చుట్టి పట్టేది) చేపలకు వేరువేరు షీట్లు పెట్టండి. గిల్ నెట్ కన్ను సైజుకు సరిపోయే చేపలనే పట్టి, చిన్నవాటిని వదిలేస్తుంది, మరీ పెద్దవి అందులో చిక్కవు. ఆ చేపలనే ఏడాదంతా కొలిస్తే పొడవుల పటంలో ప్రతి నెలా ఒకే పొడవు దగ్గర శిఖరం కనిపిస్తుంది, చేప అసలు పెరగనట్టు! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మరబోట్లకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ సంప్రదాయ తెప్పల చేపలే దొరుకుతాయి. వాటిని కొలవండి, కానీ ట్రాల్ లెక్కలో కలపకండి.

కొలిచే తీరు కూడా చెప్పాలి. చేపను కుడి పక్కకు పడుకోబెట్టి, నోరు మూసి, ముక్కును కొలతబల్ల తల చెక్కకు ఆనించాలి. తోక చివరలు రెండూ దగ్గరకు నొక్కి చదివితే మొత్తం పొడవు. తోక చీలిక లోపలి అంచు దాకా చదివితే ఫోర్క్ పొడవు. కానాగంత తోక లోతుగా చీలి ఉంటుంది. 22 సెంటీమీటర్ల చేపలో ఈ రెండిటికీ సుమారు 2 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మీరు ఒకటి, మీ స్నేహితురాలు మరొకటి కొలిస్తే లేని రెండు తరాలు పుట్టుకొస్తాయి. ఏది కొలుస్తున్నారో షీటు పైన రాసి ఉంచండి. తోక తెగిన చేపను పక్కన పెట్టండి. కానాగంత పొడవులను 1 సెంటీమీటరు తరగతులుగా విడదీస్తే సరిపోతుంది. నెత్తళ్ల లాంటి చిన్న చేపకైతే 5 మిల్లీమీటర్లు కావాలి.

బరువు తూచే ముందు మంచు నీరు తుడవాలి. పొడవు-బరువు సంబంధంలో ఘాతం సాధారణంగా 3కు దగ్గర్లో ఉంటుంది. 2.2 అనో 3.8 అనో వస్తే కొత్త విషయం కనుగొన్నామని సంబరపడకుండా ముందు షీటు చూడండి. చాలా తక్కువ పొడవుల పరిధిలోనే కొలిచి ఉంటారు, లేదా తడి చేపలు తూచి ఉంటారు, లేదా మిల్లీమీటర్లు, సెంటీమీటర్లు కలిసిపోయి ఉంటాయి.

షీటులో స్థానిక పేరు కూడా రాయండి. ప్యాట్రిక్ రస్సెల్ విశాఖ తీరంలో సేకరించిన రెండు వందల చేపల వివరాలను 1803లో ప్రచురించినప్పుడు మత్స్యకారులు పిలిచే పేర్లనే రాసుకున్నాడు. కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజెర్ కనగుర్తా అలా వచ్చిందే. ఒకే స్థానిక పేరు కింద రెండు జాతులు కలిసిపోవడం మామూలే కనుక అనుమానం వచ్చిన చేప ఫొటో, మొప్పల దువ్వెన ముళ్ల లెక్క తీసిపెట్టుకోండి.

ప్రశ్న: ఎలెఫాన్ పద్ధతిలో లెక్కిస్తే వేట నిష్పత్తి 0.53 వచ్చింది. 0.5 దాటింది కాబట్టి అధిక వేట అని పేపరు రాశాను. సమీక్షకులు "ఈ నిర్ణయానికి ఆధారం లేదు" అని తిప్పిపంపారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెనే కదా రాశాను?
— పరిశోధక విద్యార్థి, నెల్లూరు

సమీక్షకులు చెప్పింది సరైనదే. ఎలెఫాన్ అంటే పొడవుల కొలతల నుంచి చేప పెరుగుదలను లెక్కించే పద్ధతి. వేట నిష్పత్తి అంటే మొత్తం మరణాల్లో వేట వల్ల జరిగే వాటా. ఎందుకో మీ అంకెల్లాంటి అంకెలతోనే చూద్దాం.

చేప పెరుగుదలకు రెండు ముఖ్య విలువలు ఉంటాయి. ఒకటి ఎల్-ఇన్ఫినిటీ, అంటే ఎంతకాలం బతికినా సగటున చేరగల పొడవు. రెండోది కె, ఆ పొడవు వైపు ఎంత వేగంగా వెళ్తుందనేది. ఎల్-ఇన్ఫినిటీ 30 సెంటీమీటర్లు, కె ఏడాదికి 1.5 అనుకుంటే చేప 6 నెలలకు 15.8, ఏడాదికి 23.3, రెండేళ్లకు 28.5 సెంటీమీటర్లు అవుతుంది. వేట లేకపోయినా జరిగే సహజ మరణాల రేటు ఎం. దాన్ని చాలామంది డేనియల్ పౌలీ 1980లో ఇచ్చిన సమీకరణంతోనే తీస్తారు. నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలైతే పై విలువలకు ఎం 2.33 వస్తుంది. మొత్తం మరణాల రేటు జెడ్ 4.5 అనుకుందాం. అప్పుడు జెడ్‌లోంచి ఎం తీసేస్తే వేట మరణాలు 2.17, దాన్ని జెడ్‌తో భాగిస్తే నిష్పత్తి 0.48.

ఇప్పుడు కె ఒక్కటీ మార్చండి. పొడవుల నుంచి తీసిన జెడ్ కూడా కెతో పాటే పెరుగుతుంది, తరుగుతుంది. ఇది చాలామంది మరిచిపోతారు. కె 1.0 అయితే జెడ్ 3.0, ఎం 1.79, నిష్పత్తి 0.40. కె 2.0 అయితే జెడ్ 6.0, ఎం 2.81, నిష్పత్తి 0.53. అంటే అవే చేపలు, అవే కొలతలు. కె విలువను బట్టి "ఇంకా పట్టుకోవచ్చు" అనీ, "అతిగా పట్టేస్తున్నారు" అనీ రెండు తీర్పులు వస్తున్నాయి. ఆ తీర్పు మీద వందల కుటుంబాల వేట రోజులు ఆధారపడతాయి కాబట్టి ఒంటరి అంకెను ఒప్పుకోకూడదు.

ఎలెఫాన్‌లో కె ఎందుకు జారిపోతుందంటే, మన ఉష్ణ జలాల్లో చాలా జాతులు నెలల తరబడి గుడ్లు పెడతాయి. పిల్లల తరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి శిఖరాలు స్పష్టంగా విడిపోవు. సాఫ్ట్‌వేర్ స్కోరు పటంలో ఒకే ఎత్తైన కొండ ఉండదు, పక్కపక్కన చాలా గుట్టలు ఉంటాయి. మీరు ఇచ్చిన మొదటి విలువకు దగ్గర్లోని గుట్ట ఎక్కి అదే జవాబని చెబుతుంది. పైగా ఎల్-ఇన్ఫినిటీ తగ్గితే కె పెరుగుతుంది. ఒకటి తప్పితే రెండోది దాన్ని కప్పిపుచ్చుతుంది.

పేపరును ఇలా సరిదిద్దవచ్చు. ఎల్-ఇన్ఫినిటీ, కె జంటలను ఒక పరిధిలో మార్చుతూ మొత్తం స్కోరు పటం చూపండి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని ట్రాప్‌ఫిష్‌ఆర్ ప్యాకేజీలో బూట్‌స్ట్రాప్ చేసి (కొలతల్లోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్కించి), నిష్పత్తికి ఒక అంకె బదులు పరిధి ఇవ్వండి. అదే జాతి మీద వచ్చిన ఇతర అధ్యయనాలతో ఫై-ప్రైమ్ పోల్చండి. ఇది పెరుగుదలను ఒకే అంకెలో చెప్పే విలువ, కె లాగరిథంకు ఎల్-ఇన్ఫినిటీ లాగరిథం రెట్టింపు కలిపితే వస్తుంది. పై ఉదాహరణలో కె 1.5కు 3.13. మీది మిగతావాటికి బాగా దూరంగా ఉంటే కారణం వెతకండి. వీలైతే కొన్ని చేపల చెవి రాళ్లలో (తలలో ఉండే చిన్న సున్నపు రాళ్లలో) రోజువారీ వలయాలు లెక్కించి కెను విడిగా సరిచూడండి. ఈ వలయాలు రోజుకొకటి ఏర్పడతాయని 1971లో జార్జియో పనెల్లా చూపించాడు.

0.5 గీత కూడా రాతిగీత కాదు. కానాగంతలు, కవళ్ల లాంటి చిన్న ఉపరితల చేపలకు 0.4 మించకూడదని 1992లో ప్యాటర్సన్ సూచించాడు. ఏ గీత వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో పేపరులో రాయండి.

ప్రశ్న: చేపలు తగ్గాయని ఒక ఏడాది, పెరిగాయని మరో ఏడాది చెబుతారు. సముద్రంలో చేపలను ఎవరు లెక్కపెట్టారు? 61 రోజుల నిషేధం వల్ల నిజంగా లాభం ఉందా?
— మత్స్యకార కుటుంబానికి చెందిన డిగ్రీ విద్యార్థి, కాకినాడ

సముద్రంలో చేపలను ఎవరూ లెక్కపెట్టరు. ఒడ్డుకు వచ్చిన వాటిని, అవీ కొన్నిటినే లెక్కపెట్టి మొత్తం అంచనా వేస్తారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ పద్ధతి ఇది. నెలను పదేసి రోజుల మూడు భాగాలు చేస్తారు. మొదటి ఐదు రోజుల్లో ఒకదాన్ని లాటరీ పద్ధతిలో ఎంచుకుంటారు. అక్కడి నుంచి వరుసగా ఆరు రోజులను రెండేసి రోజుల మూడు జంటలు చేస్తారు. 4వ తేదీ పడితే 4-5, 6-7, 8-9. తర్వాతి భాగాల్లో 14-15 ఇలా పదేసి రోజులు జరుపుతారు. జంటలో మొదటి రోజు మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా, మర్నాడు ఉదయం 6 నుంచి 12 దాకా సర్వేయర్ రేవులో ఉంటారు. మధ్య రాత్రి దిగిన బోట్ల వివరాలు అడిగి రాసుకుంటారు. బోట్లు 15 లోపు ఉంటే అన్నీ చూస్తారు, ఎక్కువైతే వాటిలో కొన్నిటిని ఎంచుకుంటారు. మీ నాన్నగారు ఆ సర్వేయర్‌కు వల రకం, ఎన్ని రోజుల వేట, ఎంత లోతు అన్నవి సరిగా చెబితే రాష్ట్రం మొత్తం లెక్క అంత సరిగా వస్తుంది. పన్ను వేస్తారేమోనన్న భయంతో తగ్గించి చెప్పడం కొన్నిచోట్ల ఉంది. దానివల్ల నష్టపోయేది వేటగాళ్లే.

దిగిన చేపల మొత్తం పెరిగినంత మాత్రాన సముద్రంలో పెరిగాయని అర్థం కాదు. బోట్లు పెరిగి ఉండవచ్చు, ఇంజిన్ బలం పెరిగి ఉండవచ్చు, నాలుగు రోజుల వేట పన్నెండు రోజులై ఉండవచ్చు. కాబట్టి గంట వేటకు ఎన్ని కిలోలు అన్నది చూస్తారు. ఆ అంకె కూడా మోసం చేయగలదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప తగ్గుతున్న కొద్దీ మిగిలినవి ఒకచోట గుంపుగా చేరాయి. మెరుగైన పరికరాలున్న ఓడలు ఆ గుంపులనే వెతికి పట్టాయి. గంటకు పడే చేప తగ్గలేదు కాబట్టి నిల్వ బాగుందనుకున్నారు. పరిశోధన ఓడల సర్వేలు తక్కువ చూపించినా వాటికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. 1992 జులై 2న వేట పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. సుమారు 30,000 మంది పని కోల్పోయారు. వాణిజ్య వేట మళ్లీ తెరవడానికి 2024 దాకా, అంటే 32 ఏళ్లు పట్టింది. ఎక్కడ చేప ఉంటే అక్కడికి కాకుండా, ముందే నిర్ణయించిన చోట్ల ఒకే వలతో ఏటా వేసే సర్వే ఎందుకు అవసరమో అర్థం కావడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నిషేధం సంగతి. తూర్పు తీరంలో 2015కు ముందు 47 రోజులుండేది, అప్పటి నుంచి 61 రోజులు. ఏడాదిలో ఆరో వంతు మరబోట్ల వేట ఆగుతుంది. అది తప్పకుండా మేలే. కానీ జూన్ 15 తర్వాత మొదటి వారాల్లో బాగా పడిన చేపను చూపి నిషేధం ఫలించిందనడం సరికాదు. రెండు నెలలు ఎవరూ పట్టని చోట వల వేస్తే ఎక్కువ పడటం సహజం. ఆగస్టు, సెప్టెంబరు తర్వాత కూడా గంటకు పడే చేప, దాని సగటు పొడవు నిలబడ్డాయా, తర్వాతి ఏడాది పిల్లచేపలు పెరిగాయా అన్నవి చూడాలి. అన్ని జాతులూ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టవు. పైగా మిగతా పది నెలల్లో ఇంజిన్ బలం, వల పొడవు పెంచుకుంటూ పోతే ఆగిన ఆరో వంతు తిరిగి వచ్చేస్తుంది. నిషేధంతో పాటు వల సంచి కన్ను సైజు నియమం కూడా గట్టిగా అమలైతేనే ఫలితం నిలుస్తుందని మా అభిప్రాయం.

ప్రశ్న: చేపలన్నీ ఫార్మాలిన్‌లో పెట్టి ఆరు నెలల తర్వాత ల్యాబ్‌లో తెరిచాను. చెవి రాళ్లు సుద్దలా అయిపోయాయి, డీఎన్ఏ రాలేదు. ఎక్కడ తప్పింది?
— పరిశోధక విద్యార్థిని, తిరుపతి

ఒకే చేప నుంచి అన్నీ తీయాలనుకున్నప్పుడు ఫార్మాలిన్ చివర రావాలి. నిల్వ ఉన్నకొద్దీ ఫార్మాలిన్ ఆమ్లంగా మారి, కాల్షియం కార్బొనేట్‌తో తయారైన చెవి రాయిని తినేస్తుంది. డీఎన్ఏను ముక్కలు చేసి బిగించేస్తుంది.

తాజా చేప చేతిలో ఉండగానే ముందు పొడవు, బరువు. తర్వాత రెక్క ముక్క చిన్నది కత్తిరించి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ద్రవం కణజాలానికి పది రెట్లైనా ఉండాలి, మర్నాడు ఒకసారి మార్చాలి. ఆపైన తల అడుగు నుంచి మొప్పలు తొలగించి, కపాలం అడుగు ఎముక తెరిచి చెవి రాళ్లు రెండూ పట్టకారుతో తీయండి. నీటితో కడిగి, ఆరబెట్టి, పొడిగా చిన్న సీసాలోనో కాగితపు కవర్లోనో దాచండి. అండాశయం తాజాగా తూచి, ముందు, మధ్య, వెనుక భాగాల నుంచి మూడు ముక్కలు తీయండి. గుడ్ల లెక్కకు ఒక్క చోటి ముక్క సరిపోదు. ఇవన్నీ అయ్యాక పొట్టను 10 శాతం ఫార్మాలిన్‌లో, అంటే దుకాణంలో దొరికే ద్రావణం 1 వంతు, నీరు 9 వంతులు, కాస్త బోరాక్స్ కలిపి వేయండి.

పొట్ట విషయంలో ఆలస్యం పనికిరాదు. చేప చచ్చాక కూడా జీర్ణరసాలు పనిచేస్తూనే ఉంటాయి. పది రోజులు మంచులో ఉన్న ట్రాలర్ చేప పొట్టలో గుజ్జు తప్ప ఏమీ మిగలదు. ఆహారపు అలవాట్ల పరిశోధనకు ఒక్క రోజు వేట బోట్లనే ఎంచుకోండి. ఖాళీ పొట్టలను లెక్కలోంచి తీసేయకుండా ఎన్ని ఖాళీగా ఉన్నాయో రాయండి. ఫార్మాలిన్ క్యాన్సర్ కారకం. గ్లవ్స్ లేకుండా, గాలి ఆడని గదిలో దాన్ని తెరవవద్దు.

ప్రశ్న: నాకు చేపల లెక్కలు కాదు, సముద్ర జీవావరణం ఇష్టం. రెండూ వేరు వేరు రంగాలేనా?
— ఎమ్మెస్సీ విద్యార్థి, శ్రీకాకుళం

కాగితం మీదే వేరు. కవళ్లు ఒక ఏడాది విపరీతంగా పడి, మరో ఏడాది మాయమవడానికి కారణం వెతకబోయిన హార్నెల్, నాయుడు 1920ల్లో మలబారు తీరంలో చేపతో పాటు ప్లవకాలనూ కలిపే చూశారు. నార్వేలో యోహాన్ యోర్ట్ 1914లోనే ఒక మాట చెప్పాడు. ఒక ఏడాది చేపల సంఖ్య ఎంతుంటుందన్నది ఎక్కువగా గుడ్డు నుంచి బయటికొచ్చిన తొలి రోజుల్లో లార్వాకు తిండి దొరికిందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. 2012 తర్వాత కేరళలో నూనె కవళ్లు కూలిపోయినప్పుడు కూడా వేట ఎంత, సముద్రంలోని మార్పు ఎంత అన్న ప్రశ్నే ముందుకొచ్చింది. రెండు రంగాలూ తెలిసినవారే దానికి జవాబు వెతకగలిగారు.

మన తీరంలోనే చేయాల్సింది చాలా ఉంది. వానాకాలానికి ముందు నెలల్లో తీరం వెంట వీచే నైరుతి గాలులు ఉపరితల నీటిని తీరం నుంచి సముద్రం లోపలికి నెట్టడంతో విశాఖ దగ్గర అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీరు పైకొస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరం నీటి కదలికల మీద విస్తృతంగా పనిచేశాడు. వానాకాలం తర్వాత కథ మారుతుంది. నదుల మంచినీరు పైన పొరలా పరుచుకుని, అడుగు పోషకాలు పైకి రాకుండా ఆపేస్తుంది. బంగాళాఖాతం అరేబియా సముద్రమంత సారవంతం కాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పని మొదలుపెట్టాక ఎక్కువగా తప్పే చోట్లు కొన్ని చెబుతాం. కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతి వాడేటప్పుడు, నీటి నమూనా తెచ్చే శాంపిలర్ పైకి రాగానే అన్నిటికంటే ముందు ఆక్సిజన్ సీసానే నింపాలి. గొట్టం సీసా అడుగుకు ఆనించి, సీసాకు రెండు మూడింతల నీరు పొంగి పోనివ్వాలి. మూత కింద ఒక్క బుడగ మిగిలినా లెక్క పెరుగుతుంది. మాంగనీస్ ద్రావణం, ఆల్కలైన్ అయొడైడ్ కలిపాక అవక్షేపం గోధుమ రంగుకు రాకుండా తెల్లగా ఉండిపోతే ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేదు. పారబోయకండి, అదే మీకు కావలసిన ఫలితం కావచ్చు.

క్లోరోఫిల్‌కు మసక వెలుతురులో 1 లీటరు నీటిని జీఎఫ్/ఎఫ్ (గాజు పీచు) ఫిల్టర్‌లో వడకట్టి, 90 శాతం అసిటోన్ 10 మిల్లీలీటర్లలో చీకట్లో, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచి 664, 647, 630 నానోమీటర్ల దగ్గర చదవాలి. 750 దగ్గర కూడా చదివి దాన్ని మిగతావాటి నుంచి తీసేయాలి. గోదావరి ముఖద్వారం దగ్గరి బురద నీటిలో ఇది మరిచిపోతే ఒండ్రు కూడా క్లోరోఫిల్‌గా లెక్కలోకి వస్తుంది.

జంతు ప్లవకాల వలకు ఫ్లోమీటర్ (వలలోంచి వెళ్లిన నీటిని కొలిచే పరికరం) తప్పనిసరి. 57 సెంటీమీటర్ల వ్యాసమున్న వల నోటి వైశాల్యం సుమారు 0.255 చదరపు మీటర్లు. 100 మీటర్లు లాగితే 25.5 ఘనపు మీటర్ల నీరు వడకట్టినట్టు. నాచుతో కన్నులు పూడుకుపోతే నిజంగా వలలోంచి వెళ్లింది అందులో 60 శాతమే కావచ్చు. తాడు పొడవుతో లెక్క వేస్తే ప్లవకాలు ఉన్నదానికంటే తక్కువగా తేలతాయి. సరిగ్గా ప్లవకాలు దట్టంగా ఉన్న రోజునే ఈ తప్పు జరుగుతుంది.

ప్రశ్న: పరిశోధన ఓడల మీద అమ్మాయిలను తీసుకెళ్తారా? నాకు బస్సులోనే వాంతులవుతాయి.
— డిగ్రీ విద్యార్థిని, మచిలీపట్నం

తీసుకెళ్తారు. సాగర్ సంపద లాంటి ఓడల మీద మహిళా పరిశోధకులు పనిచేస్తున్నారు. సముద్రపు వికారం బస్సు వికారం లాంటిదే, రెండు మూడు రోజుల్లో చాలామందికి అలవాటవుతుంది. డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకుని, ఓడ కదలకముందే వేసుకోండి. వికారం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. కొన్ని మాత్రలు మత్తు తెప్పిస్తాయి కనుక వించి (తాడు చుట్టే యంత్రం) దగ్గర పని ఉన్న రోజు ఏది వాడుతున్నారో ముఖ్య శాస్త్రవేత్తకు చెప్పండి. ఖాళీ కడుపుతో ఉండకండి. అయినా పడకపోతే తీరంలో, రేవుల్లో, ల్యాబ్‌లో చేసే పనితోనే ఈ రంగంలో మంచి పరిశోధన చేసినవారు ఎందరో ఉన్నారు.

ప్రశ్న: మాది వరంగల్. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. సముద్రం దగ్గర లేకుండా ఈ రంగంలో పని ఉంటుందా?
— ఒక పాఠకుడు

ఉంటుంది. మీలాంటివారి కొరత కూడా ఉంది. సముద్రం లేని హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉంది. ఉపగ్రహాలు కొలిచిన ఉపరితల ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి, చల్లని, వెచ్చని నీళ్లు కలిసే అంచులను గుర్తించి, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సూచనలు తెలుగుతో సహా తీర భాషల్లో అక్కడి నుంచే వెళ్తాయి. 2022 నవంబరు 26న వెళ్లిన ఓషన్‌శాట్-3 ఈ పనికి ఉపయోగపడే ఉపగ్రహం. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహం చూడలేదు, ఆ ఖాళీలను ఎలా పూరించాలన్నది గణాంక సమస్యే. నదీముఖాల దగ్గర బురదను ఉపగ్రహం క్లోరోఫిల్‌గా పొరబడుతుంది, అదీ మీలాంటివారు పట్టాల్సిన పనే.

ఇంకో మంచి సమస్య ఉంది. సూచించిన చోట వేటాడిన బోట్లకు ఎక్కువ చేప పడిందని చూపడం తేలిక. కానీ సూచనలు చూసి వెళ్లే సరంగులు ముందు నుంచే అనుభవజ్ఞులు, మంచి ఇంజిన్లున్నవారు అయి ఉండవచ్చు. సూచన లాభం ఎంత, సరంగు నైపుణ్యం ఎంత అని విడదీయాలంటే అదే బోటు సూచన ఉన్న రోజు, లేని రోజు ఎంత పట్టిందో పోల్చాలి. డీజిల్ ఖర్చు, వెతికిన గంటలు కూడా లెక్కలోకి రావాలి.

ఆర్ నేర్చుకోండి. మిశ్రమ ప్రభావాల నమూనాలు, సున్నాలు ఎక్కువగా ఉన్న దత్తాంశాల పద్ధతులు నేర్చుకోండి, వేట లెక్కల్లో సున్నాలు చాలా ఉంటాయి. దిగిన చేపల మొత్తంతోనే నిల్వ అంచనా వేసే కొత్త పద్ధతులు తేలిగ్గా కనిపిస్తాయి, కానీ వాటి ఫలితం మీరు మొదట్లో ఊహించి ఇచ్చిన విలువల వైపే ఒరుగుతుంది. అందుకే ఏ పద్ధతి మొదలుపెట్టే ముందైనా వారం పది రోజులు విశాఖ గానీ కాకినాడ గానీ వెళ్లి, తెల్లవారుజామున సర్వేయర్ పక్కన నిలబడి ఆ అంకెలు కాగితం మీదికి ఎలా వస్తున్నాయో చూడండి. ఏ గడిని నమ్మాలో, ఏది రాత్రి అడిగి రాసుకున్నదో తెలిశాక మీరు రాసే నమూనాలో ఒక్కో అంకెకు ఎంత అనిశ్చితి ఇవ్వాలో మీకే తెలుస్తుంది.